మొదటి సెమిస్టర్, 12 క్రెడిట్లు, ఒక 5.0: జర్మనీలో చదివే తమ్ముడికి జవాబు

నువ్వు అడిగింది క్లుప్తంగా: జర్మనీలో మాస్టర్స్ మొదటి సెమిస్టర్ అయిపోయింది. అయిదు సబ్జెక్టులకి రిజిస్టర్ చేసుకుని, రెండు రద్దు చేసుకుని, మూడు రాశావు. రెండు పాస్ (2.3, 3.0), ఒకదాంట్లో 5.0. 30 క్రెడిట్లు రావాల్సిన చోట 12 వచ్చాయి. డల్లాస్‌లో ఉన్న కజిన్‌కి 4.0 వచ్చిందట, నాన్నగారు రోజూ ఫలితం అడుగుతున్నారు. వెనకబడిపోయానా, డెలివరీ పనిలో చేరనా, మార్చిలో ఒకసారి ఇంటికెళ్లి రానా అని నీ ప్రశ్న.

తమ్ముడూ, సెమిస్టర్ అయిపోయిందని రాశావు గానీ ఇంకా అవలేదు. ఇక్కడ వింటర్ సెమిస్టర్ కాగితం మీద అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా. క్లాసులు ఫిబ్రవరి మొదటి సగంలో ఆగిపోతాయి, పరీక్షలు ఫిబ్రవరి, మార్చిల్లో నడుస్తాయి. మన దగ్గర ఆఖరి పరీక్ష రాసి, అటునుంచి అటే సినిమాకి పోతే సెమిస్టర్ ముగిసినట్టే. ఇక్కడ ఆఖరి పరీక్షకీ ఏప్రిల్‌లో మొదటి క్లాసుకీ మధ్య కొన్ని వారాలుంటాయి. నేను ఇక్కడే మాస్టర్స్ చేసి ఇప్పుడు స్టుట్‌గార్ట్ వైపు ఉద్యోగం చేస్తున్నాను. ఏటా కొత్తగా వచ్చే పిల్లల సందేహాలు నా దగ్గరికి వచ్చేది ఈ వారాల్లోనే. నా అనుభవంలో, రెండో సెమిస్టర్‌లో నిలదొక్కుకున్నవాళ్లకీ మళ్లీ అదే గోతిలో పడ్డవాళ్లకీ తేడా అక్టోబర్‌లో కనిపించలేదు. మార్చిలో వాళ్లు ఏం చేశారన్న దాంట్లో కనిపించింది.

ముందు నాన్నగారి సంగతి చూద్దాం, లేకపోతే నీకు నిద్ర పట్టదు. జర్మనీలో 1.0 అన్నిటికన్నా మంచి మార్కు, 4.0 అంటే అంచుమీద పాస్, 5.0 ఫెయిల్. అమెరికాలో 4.0 అంటే పూర్తి మార్కులు. అందుకే మీ కజిన్ 4.0, నీ 2.3 పక్కపక్కన పెట్టి చూస్తే ఏ తండ్రికైనా కంగారే. ఇక్కడ "1.3 వచ్చింది" అని సంబరంగా ఫోన్ చేస్తే "అయ్యో, మిగతా మార్కులు ఏమయ్యాయిరా" అన్న ఇళ్లున్నాయి. మన మార్కుల్ని జర్మన్ మార్కుల్లోకి మార్చడానికి యూనివర్సిటీలు బవేరియన్ ఫార్ములా అని ఒకటి వాడతాయి. నీ అడ్మిషన్ అప్పుడూ వాడే ఉంటారు. దాన్నే తిరగేసి, పదికి నాలుగు పాస్ మార్కు అనుకుంటే 2.3 అంటే మన పదిలో సుమారు 7.4, 3.0 అంటే 6. ఇది ఉజ్జాయింపే, సర్టిఫికెట్ మీద వేసుకునేది కాదు, కానీ నాన్నగారికి చెప్పడానికి పనికొస్తుంది. ఆ తర్వాత ఫెయిల్ సంగతి కూడా అదే ఫోన్‌లో చెప్పెయ్. దాచి పెట్టి జూన్‌లో చెబితే అప్పుడు రెండు విషయాలు వివరించుకోవాలి.

ఇక 12 క్రెడిట్లు. లెక్క చూడు. ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని అని ఇక్కడి లెక్క. 30 గంటల చొప్పున వేస్తే 30 క్రెడిట్లంటే 900 గంటలు. ఆరు నెలలూ వారానికి ముప్పై అయిదు గంటల చదువన్నమాట, అదీ మొదటి రోజు నుంచీ చదివితే. మనవాళ్లలో ఎంతమంది మొదటి రోజుకి ఇక్కడుంటారు? వీసా ఆలస్యమై నవంబర్‌లో దిగినవాళ్లున్నారు. దిగాక గది వెతుకులాట, నగర కార్యాలయంలో చిరునామా నమోదు, వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి ఉంచిన బ్లాక్డ్ అకౌంట్ డబ్బు కదలడానికి బ్యాంక్ ఖాతా, ఇన్సూరెన్స్ ఉత్తరాలు. ఇవన్నీ పోను మిగిలిన గంటల్లో మూడు పరీక్షలకి కూర్చుని రెండు గట్టెక్కావు. నేను చూసిన మొదటి సెమిస్టర్లలో ఇది మామూలుదే. పొగడ్తగా అనడం లేదు, కంగారు పడాల్సినంత లేదంటున్నాను.

కానీ ఊరడించి వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే. ఆలస్యానికి ఖరీదుంటుంది, అది ఎంతో తెలుసుకో. బ్లాక్డ్ అకౌంట్ మొత్తం ఏడాదికి 11,904 యూరోలు, నెలకి 992. ఒక సెమిస్టర్ ఎక్కువ పడితే జీవనానికే 5,952 యూరోలు, రూపాయల్లో సుమారు ఆరు లక్షలు. యూనివర్సిటీకి ప్రతి సెమిస్టర్ కట్టే సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ వేరు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో ఉంటే బయటి దేశాల విద్యార్థులకి సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు కూడా. పైగా రెసిడెన్స్ పర్మిట్ పొడిగించేటప్పుడు చదువు తగిన కాలంలో ముగిసేలా ఉందా అని అధికారులు చూస్తారు. అయిదో సెమిస్టర్ పట్టడం నేరం కాదు, నాకు తెలిసినవాళ్లలో నాలుగు సెమిస్టర్లలో ముగించినవాళ్లు తక్కువే. కాకపోతే ఆ అయిదోది ఎందుకు పట్టిందో నీకు తెలిసి పట్టాలి.

ఇప్పుడు అసలు విషయం, ఆ 5.0. నువ్వు రాసినదంతా రెండుసార్లు చదివాను. ఐన్‌జిష్ట్‌కి, అంటే దిద్దిన పేపర్ చూసుకోవడానికి, వెళ్లావా లేదా అన్న మాట ఎక్కడా లేదు. వెళ్లలేదనే అనుకుంటున్నాను, ఎందుకంటే మనవాళ్లు వెళ్లరు. దిద్దిన జవాబు పత్రం చూసుకునే హక్కు ఇక్కడ ప్రతి విద్యార్థికీ ఉంది. ఫలితాలు పోర్టల్‌లో పడ్డాక ఆ ప్రొఫెసర్ విభాగం ఒక తేదీ, గది, సమయం ప్రకటిస్తుంది. ఒక్కోచోట ముందే ఈమెయిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ రోజు తప్పితే మళ్లీ ఉండకపోవచ్చు. ఐడీ కార్డు చూపిస్తే నీ పేపర్ నీ చేతికిస్తారు, పక్కన అసిస్టెంట్ ఉంటాడు, చాలాచోట్ల మోడల్ జవాబులు కూడా పెడతారు. మన దగ్గర రీవాల్యుయేషన్‌కి ఫీజు కట్టి, దేవుడికి మొక్కి, నెలల తర్వాత "నో చేంజ్" అన్న మాట చూసిన మనకి ఇది నమ్మశక్యంగా ఉండదు. అందుకే ఫెయిలైన పేపర్ మళ్లీ చూడ్డానికి సిగ్గుపడి మానేస్తారు. సిగ్గు ఎవరి ముందు? అక్కడ కూర్చున్న జర్మన్ పిల్లలందరూ ఏదో ఒక మార్కు కోసం వచ్చినవాళ్లే.

వెళ్లాక మొదట మార్కుల కూడిక సరిచూసుకో. పేజీ వెనక రాసిన జవాబు దిద్దారో లేదో చూడు. ఎక్కడైనా అనుమానముంటే ఆ ప్రశ్న నెంబర్ చూపించి, "ఇక్కడ పద్ధతి సరిగ్గా ఉంది, చివరి విలువ మాత్రమే తప్పు, దీనికి మార్కులుంటాయా" అని నిదానంగా అడుగు. బతిమాలకు. "సర్, ప్లీజ్ సర్, నా లోన్, మా నాన్న" అన్నది ఇక్కడ పనిచెయ్యదు, ఎదుటివాళ్లు ఇబ్బంది పడతారంతే. ప్రశ్న మీద వాదన మాత్రం వింటారు, నిజంగా తప్పుంటే అక్కడే దిద్దుతారు.

మార్కు పెరగకపోయినా వెళ్లాలి, నేను ఇంత చెబుతున్నది అందుకే. నువ్వు ఎందుకు పోయావో తెలిసేది అక్కడే. సబ్జెక్టు రాక పోయావా, టైమ్ చాలక పోయావా, అడిగింది ఒకటైతే రాసింది ఇంకొకటా? ఈ మూడింటికి మందు ఒకటి కాదు. మన పేపర్లు నేను చాలా చూశాను, వాటిలో మూడో రకమే ఎక్కువ. ఇంటర్ నుంచీ మనకి అలవాటైంది పేజీ నింపడం. నిర్వచనం రాసి, బొమ్మ వేసి, ప్రయోజనాలూ లోపాలూ రాస్తే ఎంతో కొంత పడేది. ఇక్కడ ప్రశ్న కింద నాలుగు గీతలు ఇస్తే జవాబు నాలుగు గీతల్లోనే ఉంది. "ఈ పరిస్థితిలో ఈ అల్గారిదం ఎందుకు విఫలమవుతుంది" అని అడిగితే అల్గారిదం పుట్టుపూర్వోత్తరాలు రాసినవాడికి సున్నా.

ఇంకో తేడా కూడా ఈ సెమిస్టర్‌లో నీకు తెలిసే ఉంటుంది. మన బీటెక్‌లో మిడ్లు, అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డు అన్నీ కలిపి ఇంటర్నల్స్ మనల్ని కాపాడేవి. వాటితోపాటు నెలకోసారి భయపెట్టేవి కూడా, ఆ భయంతోనే ఎంతో కొంత చదివేవాళ్లం. ఇక్కడ చాలా సబ్జెక్టుల్లో 90 నిమిషాల ఒక్క పరీక్షే మొత్తం మార్కు. అటెండెన్స్ అడిగేవాడు ఉండడు. అక్టోబర్‌లో అది స్వేచ్ఛలా ఉంటుంది. జనవరిలో స్లైడ్లు తెరిస్తే ఎనిమిది వందల పేజీలుంటాయి. దీనికి ఇక్కడివాళ్ల విరుగుడు ఊబుంగ్, అంటే లెక్చర్‌కి అనుబంధంగా లెక్కలు చేయించే క్లాసు. పరీక్ష ప్రశ్నల తీరు లెక్చర్ స్లైడ్ల కంటే ఊబుంగ్ షీట్లకే దగ్గరగా ఉంటుంది. మనవాళ్లు లెక్చర్‌కి వెళ్లి ఊబుంగ్ ఎగ్గొడతారు. రెంటిలో ఒకటే కుదిరితే తిరగేసి చెయ్యి.

పాత ప్రశ్నపత్రాలు ఎక్కడ దొరుకుతాయో తెలుసా? మన తెలుగు వాట్సాప్ గ్రూపులో కొన్ని తిరుగుతుంటాయి, సగం మసకగా, ఏ ఏడాదివో తెలియకుండా. అసలు చోటు ఫాఖ్‌షాఫ్ట్, అంటే ఆ విభాగపు విద్యార్థి సంఘం గది. కాఫీ మరకలున్న సోఫా ఒకటి, పాత ఫైళ్లు కొన్ని ఉంటాయి. జర్మన్ రాకపోయినా పరవాలేదు, వెళ్లి అడిగితే ఇస్తారు. చాలామంది ఆ గది తలుపు కూడా చూడకుండానే డిగ్రీ పట్టుకుపోతారు.

రద్దు చేసుకున్న ఆ రెండు పరీక్షల గురించి బాధపడుతూ రాశావు. నన్నడిగితే ఈ సెమిస్టర్‌లో నువ్వు చేసిన తెలివైన పని అదే. ఇక్కడ చాలా కోర్సుల్లో ఒక్కో పరీక్షకి మూడు అవకాశాలే ఉంటాయి. మూడూ పోతే ఆ కోర్సు నుంచి తీసేస్తారు, ఆ తర్వాత అదే కోర్సు జర్మనీలో ఇంకో యూనివర్సిటీలో చదవడానికి కూడా దారి మూసుకుపోతుంది. ఇంకోవైపు, పాసైన పరీక్షని మార్కు పెంచుకోవడానికి మళ్లీ రాయనివ్వని చోట్లే ఎక్కువ. సగం చదువుతో వెళ్లి 3.7 తెచ్చుకుంటే అది చివరిదాకా నీతోనే ఉంటుంది. అయితే ఒకటి చూసుకో: గడువు లోపలే రద్దు చేశావా? గడువు దాటాక వెళ్లకుండా ఉంటే అది కూడా 5.0 కిందే పడుతుంది. పోర్టల్ తెరిచి ఆ రెండింటి ఎదుట ఏం రాసుందో ఈ రోజే చూడు. నీ కోర్సు పరీక్షల నియమావళి పీడీఎఫ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. జర్మన్‌లో ఉన్నా అనువాదం చేసుకుని చదువు. సీనియర్ల మాట మీద, నా మాట మీద కూడా, అవకాశాల లెక్క పెట్టుకోకు. యూనివర్సిటీ మారితే నియమం మారుతుంది.

రూక్‌మెల్డుంగ్, అంటే వచ్చే సెమిస్టర్‌కి పేరు మళ్లీ నమోదు చేసుకునే డబ్బు, కట్టావా? వచ్చే సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ గడువులోగా కట్టకపోతే మొదట జరిమానా, తర్వాత పేరు కొట్టేస్తారు. పేరు పోతే పర్మిట్‌కి ఆధారమే పోతుంది. ఇంతకంటే దీని గురించి చెప్పడానికి లేదు, కట్టెయ్.

నువ్వు అడగలేదు గానీ, నీ ఉత్తరం మధ్యలో "డిసెంబర్‌లో గది నుంచి బయటికి రాబుద్ధి కాలేదు" అని ఒక వాక్యం ఉంది. అది మార్కుల కంటే ముఖ్యం. బెర్లిన్ చుట్టుపక్కల డిసెంబర్ మధ్యలో నాలుగు కొట్టేలోపే సూర్యుడు దిగిపోతాడు. గోదావరి ఒడ్డున, కరీంనగర్ ఎండల్లో పెరిగిన ఒంటికి అది అలవాటు లేని చీకటి. ఆదివారం షాపులు మూత. అన్నం వండుకుని, తాలింపు వేస్తే స్మోక్ అలారం మోగుతుందేమోనని కిటికీ తెరిచి, మైనస్ అయిదులో వణుకుతూ పోపు పెట్టుకున్న బతుకులు మావీనూ. దాన్ని సోమరితనం అనుకుని నిన్ను నువ్వు తిట్టుకోకు. మార్చిలో వెలుతురు తిరిగొచ్చాక కూడా అలాగే ఉంటే మాత్రం విద్యార్థి సేవల సంస్థ స్టుడీరెండెన్‌వెర్క్ దగ్గర కౌన్సెలింగ్ ఉంటుంది. చాలాచోట్ల ఉచితం, ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్లూ దొరుకుతారు, యూనివర్సిటీకి చెప్పరు. ఇంట్లో చెప్పాల్సిన పని కూడా లేదు.

"అందరూ తెలుగువాళ్లతోనే ఉంటున్నాను, తప్పా" అని కూడా అడిగావు. తప్పేం కాదు. జ్వరమొస్తే చారు తెచ్చిచ్చేది వాళ్లే, గది దొరక్కపోతే నేల మీద పడుకోనిచ్చింది వాళ్లే. దాన్ని చిన్నచూపు చూసే సలహాలు నాకు నచ్చవు. కానీ గుంపుగా ఒకే సబ్జెక్టులు తీసుకోవడం మాత్రం మానండి. "అందరం తీసుకున్నాం, ఈజీ అంట" అని ఎంచుకున్న సబ్జెక్టుల్లో గుంపంతా ఒకేసారి పోవడం నేను చూశాను. ఏప్రిల్‌లో ఒక్క ప్రాజెక్టయినా మనవాళ్లెవరూ లేని టీమ్‌లో చెయ్యి. మొదటి రెండు వారాలు నోరు పెగలదు. మూడో వారానికి వాళ్ల ఇంగ్లిష్ కూడా అంతంతమాత్రమే అని తెలిసి ధైర్యమొస్తుంది. జర్మన్ కోర్సుకి రిజిస్ట్రేషన్ సెమిస్టర్ మొదట్లోనే తెరుస్తారు, సీట్లు తొందరగా నిండిపోతాయి. ఆ తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకో. కోర్సు ఇంగ్లిష్‌లోనే కదా అని వదిలేసినవాళ్లు చదువయ్యాక ఉద్యోగ వెతుకులాటకిచ్చే 18 నెలల పర్మిట్ మీద కూర్చుని జర్మన్ మొదటి మెట్టు ఏ1 మొదలుపెడుతున్నారు.

డెలివరీ పని గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంట్లో డబ్బు ఇబ్బంది నిజంగా ఉంటే చెయ్యి, ఏ పనీ చిన్నది కాదు. అవసరం లేకుండా, ఫ్రెండ్స్ చేస్తున్నారని అయితే ఈ ఏప్రిల్‌లో వద్దు. రూల్ ప్రకారం 2024 మార్చి నుంచి మనకి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేసే వీలుంది. క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు, దాటితే స్టూడెంట్ హోదాలో ఉన్న ఇన్సూరెన్స్ లెక్క మారిపోతుంది. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకి 13.90 యూరోలు. వారానికి 20 గంటలంటే చేతికి బాగానే వస్తుంది, కానీ రాత్రి పదింటికి తడిసి ఇంటికొచ్చినవాడు ఊబుంగ్ షీట్ తెరవడు. ఒక సెమిస్టర్ ఎక్కువ పడితే పోయేది పైన లెక్కేశాను, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో. సొంత బిల్లు మీద చెయ్యమనే పనులైతే అసలే ముట్టుకోకు. స్టూడెంట్ పర్మిట్ మీద స్వయం ఉపాధికి విడిగా అనుమతి కావాలి.

దానికంటే హీవీ పని చూడు, అంటే ప్రొఫెసర్ దగ్గర విద్యార్థి సహాయకుడి ఉద్యోగం. అది ఆ 140 రోజుల లెక్కలోకి రాదు. గంటలు తక్కువ, డబ్బు తక్కువ, కానీ థీసిస్‌కి తలుపు అక్కడే తెరుచుకుంటుంది. నీకు 2.3 వచ్చిన సబ్జెక్టు విభాగానికే రాయి. నాలుగు వాక్యాల ఈమెయిల్ చాలు: మీ పరీక్షలో ఇంత వచ్చింది, ఈ టూల్స్ వచ్చు, వారానికి ఇన్ని గంటలు ఇవ్వగలను, రెజ్యూమె జతచేశాను. "రెస్పెక్టెడ్ సర్" తో మొదలయ్యే ఒకటిన్నర పేజీల వినతిపత్రం ఎవరూ చదవరు. జవాబు రాకపోతే ఐన్‌జిష్ట్ గదిలో కూర్చునే ఆ అసిస్టెంట్‌నే అడుగు. ఖాళీలుంటే ముందుగా తెలిసేది వాళ్లకే.

ఆఖరిది, ఇంటికి వెళ్లడం. ఉగాది దాదాపు ఎప్పుడూ ఈ సందులోనే వస్తుంది, మనసు లాగుతుంది, తెలుసు. వెళ్లొద్దనను. టికెట్ కొనేముందు మూడు తేదీలు రాసుకో: ఆ 5.0 సబ్జెక్టు ఐన్‌జిష్ట్, దాని రెండో పరీక్ష (కొన్నిచోట్ల మార్చి చివర్లోనే పెడతారు, కొన్నిచోట్ల వేసవి దాకా ఉండదు), ఏప్రిల్‌లో సబ్జెక్టుల, పరీక్షల రిజిస్ట్రేషన్. వీటి మధ్య రెండు వారాలు ఖాళీ దొరికితే వెళ్లిరా. నీ చేతిలో రెసిడెన్స్ కార్డు ఉందా, ఇంకా పాస్‌పోర్ట్‌లో అతికించిన ఎంట్రీ వీసా మీదే ఉన్నావా అన్నది కూడా చూసుకో. వీసానే అయితే గడువు తేదీ, ఎన్నిసార్లు ప్రవేశించొచ్చు అన్నది చదవకుండా విమానం ఎక్కొద్దు. కార్డు అపాయింట్‌మెంట్ మార్చిలోనే పడి ఉంటే ప్రయాణం మానుకో, ఆ అపాయింట్‌మెంట్ మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం.

ఏ సబ్జెక్టులో పోయిందో రాయలేదు. రాస్తే, ఆ విభాగంలో చదివినవాళ్లు ఇక్కడ ఉన్నారు, ఊబుంగ్‌లో ఏ షీట్లు ముఖ్యమో చెబుతారు.